సంక్రాంతికి కాలనీ ఖాళీ అయినప్పుడు, ఇక్కడే ఉండిపోయేవాళ్లకు తోడు ఏర్పాటు చేయడం ఎలా?

డిసెంబర్ సగం దాటిందంటే నన్ను చాలామంది ఒకటే అడుగుతారు. "పండక్కి మేమందరం ఊరెళ్తున్నాం. కింది ఫ్లాట్‌లో పెద్దావిడ ఒక్కరే ఉంటారు. ఏం చేసి వెళ్లాలి?" కూకట్‌పల్లి నుంచి అడుగుతారు, ఎల్బీ నగర్ నుంచి అడుగుతారు, డాలస్‌లో ఉన్న కొడుకులూ కూతుళ్లూ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

నాలుగేళ్ల కిందట మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు పిన్నిగారు కనుమ రోజు తెల్లవారుజామున బాత్రూంలో జారి పడ్డారు. వాళ్ల ఫ్రిజ్ మీద మేమే అతికించిన కాగితం ఉంది, నలుగురి నంబర్లతో. ఆ నలుగురమూ ఊళ్లలో ఉన్నాం. నేను తణుకు దగ్గర మా అత్తగారింట్లో ఉన్నాను. తొమ్మిదైనా పాల సంచీ తలుపుకే వేలాడుతుండటం చూసి ఎదురు ఫ్లాట్ కుర్రాడు బెల్ కొట్టాడు. లోపల గడియ వేసి ఉంది. తలుపు పగలగొట్టేసరికి పదిన్నర. తుంటి ఎముక విరిగింది. ఐదు గంటలకు పైగా జనవరి చలిలో గచ్చు మీద పడి ఉన్నారావిడ. తర్వాత కోలుకున్నారు, నడుస్తున్నారు. కానీ ఆ ఐదు గంటలు నన్ను వదల్లేదు.

కింద రాసినదంతా ఆ ఏడాది తర్వాత మేం చేస్తూ, దిద్దుకుంటూ వచ్చిన పద్ధతి. నంబర్లు ఎన్ని ఉన్నా, ఆ నాలుగు రోజులూ ఇక్కడే ఉండే ఒక మనిషి కావాలి. మిగతావన్నీ ఆ మనిషికి పని తేలిక చేయడానికే.

కావలసినవి

- పండక్కి ఊరెళ్లకుండా ఉండే ఇద్దరు ముగ్గురు. 30 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి ముగ్గురు చాలు. వంద ఇళ్ల కాలనీ అయితే వీధికొకరు.
- ఒక నోటు పుస్తకం. ఫోన్‌లో కాదు, పుస్తకమే.
- తాళం చెవులు పెట్టుకోవడానికి కవర్లు, పేరు రాయడానికి మార్కర్.
- పది రోజుల ముందస్తు సమయం. భోగి జనవరి 13న గానీ 14న గానీ వస్తుంది కాబట్టి, మూడో తేదీకల్లా మొదలుపెట్టాలి.
- డబ్బు పెద్దగా అక్కర్లేదు. చందా వసూలు చేయాలనుకుంటే పని అక్కడే ఆగిపోతుంది, వద్దు.

1. ఎవరు వెళ్తున్నారు, ఎవరు ఉంటున్నారు

గ్రూప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోకండి. ఊరెళ్లేవాళ్లే జవాబిస్తారు. మనకు కావలసినది ఉండిపోయేవాళ్ల సంగతి, వాళ్లలో సగం మంది గ్రూప్‌లో ఉండరు. ఇద్దరు కలిసి తలుపు తలుపుకీ వెళ్లండి. సాయంత్రం ఐదు, ఏడు గంటల మధ్య వెళ్తే అందరూ దొరుకుతారు.

ఉండిపోయేవాళ్లు అంటే ఒంటరి పెద్దవాళ్లే అనుకోవద్దు. డయాలసిస్ చేయించుకునేవాళ్లు, నెలలు నిండిన అమ్మాయి, మంచాన ఉన్న అత్తగారిని చూసుకుంటున్న కోడలు, ఈ ఏడాదే ఇంట్లో మనిషి పోయి పండగ లేని కుటుంబం, టికెట్ దొరకని కుర్రాళ్లు, సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ కుటుంబం, పక్కన కట్టే బిల్డింగ్‌లో ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కూలీలు, వీళ్లంతా ఇక్కడే ఉంటారు. పండగ లేని ఇంటి తలుపు ఎవరూ తట్టరు. మీరు తట్టండి.

పుస్తకంలో ఫ్లాట్ నంబరు, పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఒంటరి, దూరంగా ఉన్న పిల్లల ఫోన్ నంబరు, ఇవి చాలు. జబ్బుల వివరాలు వాళ్లంతట వాళ్లు చెప్తేనే రాయండి.

2. ఎలా అడగాలి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. "మీకేమైనా సాయం కావాలా అండీ?" అని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "ఏం వద్దమ్మా, మేం బాగానే ఉన్నాం." ఇంకొకరికి భారం కాకూడదని బతికిన తరం అది. ఆ మాట విని వెనక్కి వచ్చేస్తే అంతటితో పని ముగిసినట్టే.

సాయం అనే మాటే ఎత్తకండి. పనుల గురించి అడగండి. "బాబాయిగారూ, పండక్కి పనమ్మాయి ఎన్ని రోజులు రాదు?" "పిన్నిగారూ, సిలిండర్ ఎప్పుడు వేశారు?" "బీపీ మాత్రలు కనుమ దాకా సరిపోతాయా? నేను మెడికల్ షాప్‌కి వెళ్తున్నాను, చీటీ ఇవ్వండి, తెస్తాను." ఇలా అడిగితే ఉన్న సంగతి బయటికొస్తుంది.

ఇంకొక దారి, వాళ్లనే ముందు మనం సాయం అడగడం. "మా కుండీలకు నాలుగు రోజులు కాసిన్ని నీళ్లు పోస్తారా?" అంటే సంతోషంగా ఒప్పుకుంటారు. ఆ తర్వాత రోజూ పలకరించే పని దానంతట అదే కుదురుతుంది. మా ఎదురింటి బాబాయిగారికి 81 ఏళ్లు. మూడేళ్లుగా మా తులసి కోట బాధ్యత ఆయనదే.

3. మనిషికి మనిషిని జత కట్టండి

ఉండిపోయే ప్రతి ఒక్కరి పేరు పక్కనా ఇద్దరి పేర్లు రాయండి. మొదటి మనిషి రోజూ ఉదయం, రాత్రి పలకరించాలి. రెండో మనిషి, మొదటి మనిషి దొరకకపోతే. ఇద్దరూ ఆ నాలుగు రోజులూ ఇక్కడే ఉండేవాళ్లై ఉండాలి. "నేను కనుమ రాత్రికి వచ్చేస్తాను" అన్నవాళ్ల పేరు రాయకండి. ఆ రాత్రి విజయవాడ హైవే మీద ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఒక్కొక్కరికి ముగ్గురికి మించి అప్పగించవద్దు.

పలకరింపుకి సమయం పెట్టుకోండి. మా దగ్గర ఉదయం ఎనిమిది, రాత్రి ఎనిమిది. ఫోన్ రెండుసార్లు మోగి ఎత్తకపోతే మూడోసారి చేయకుండా తలుపు దగ్గరికి వెళ్లాలి. దీనితో పాటు పాల సంచీ గుర్తు: తొమ్మిదికి కూడా సంచీ తలుపుకే ఉంటే, అటుగా వెళ్లే ఎవరైనా సరే బెల్ కొట్టాలి. ఇది అందరికీ చెప్పండి, పిల్లలకి కూడా. పేపర్ తలుపు ముందు పడి ఉన్నా అంతే. పాలబ్బాయి పండక్కి రానంటే ఈ గుర్తు పనిచేయదు, ఆ సంగతి ముందే కనుక్కోండి.

అమెరికాలో ఉన్న పిల్లలకు ఒక మాట. ఇక్కడ ఉదయం ఎనిమిదంటే డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. మీరు మేలుకునే ఉంటారు. ఆ సమయానికి వీడియో కాల్ చేయడం అలవాటు చేసుకోండి. అమ్మ ఎత్తకపోతే ఎవరికి ఫోన్ చేయాలో, పై ఇద్దరి నంబర్లు ఇప్పుడే తీసుకోండి.

4. తాళాలు, గడియలు

ఒంటరిగా ఉండేవాళ్ల ఇంటి రెండో తాళం చెవి జత మనిషి దగ్గర ఉండాలి. కవర్‌లో పెట్టి, అంటించి, అంటించిన చోట ఆ ఇంటివాళ్లే సంతకం చేస్తే ఇద్దరికీ నిశ్చింత. ఎవరు తీసినా తెలిసిపోతుంది.

తాళం చెవి ఉండి కూడా లోపల గడియ వేసి ఉంటే లాభం లేదు. రాత్రిళ్లు బయటి నుంచి తాళం చెవితో తీయగలిగే లాక్ మాత్రమే వేసుకుని, పై గడియ వదిలేయమని చెప్పండి. భయంగా ఉందంటే బలవంతం చేయకండి, వాళ్ల భయం నిజమైనదే. అలాంటివాళ్లకు ఉదయం పలకరింపు ఏడింటికే పెట్టండి. బాత్రూం గడియ మాత్రం వేసుకోవద్దని నచ్చజెప్పండి, ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు దానితో పని లేదు.

ఫోన్ మెడలోనో నడుముకో ఉండేలా చిన్న గుడ్డ సంచీ కుట్టివ్వండి. పిన్నిగారి ఫోన్ ఆ రోజు పడగ్గదిలో ఉంది.

5. మందులు, గ్యాస్, నీళ్లు

రోజువారీ మందులు భోగికి ముందే పది రోజులకు సరిపడా ఉండాలి. చీటీ తీసుకుని, మాత్రలు లెక్కపెట్టి, తక్కువైనవి తెండి. జన ఔషధి కేంద్రంలో కొనేవాళ్లైతే ఇంకా ముందే, పండగ రోజు అది తెరిచి ఉంటుందని నమ్ముకోవద్దు. ఇన్సులిన్ తెచ్చేటప్పుడు సంచీలో వేసుకుని ఎండలో తిరగకండి, నేరుగా తెచ్చి ఫ్రిజ్ తలుపు అరలో పెట్టాలి. ఫ్రీజర్‌లో పెడితే పనికిరాదు.

సిలిండర్ వారం ముందే బుక్ చేయించండి. గ్యాస్ వాసన వస్తే 1906.

నీళ్ల సంగతి అందరూ మరిచిపోతారు. వాచ్‌మన్ ఊరెళ్తే మోటార్ ఎవరు వేస్తారు? సంప్ నిండిందో లేదో ఎవరు చూస్తారు? ఒక ఏడాది మా దగ్గర భోగి నాడు పైన ట్యాంక్ ఖాళీ అయి, ఉండిపోయిన నాలుగు కుటుంబాలూ బకెట్లతో మెట్లెక్కాయి. వాచ్‌మన్ వెళ్లే ముందు, ఉండేవాళ్లలో ఇద్దరికి మోటార్ స్విచ్, వాల్వులు చూపించి వాళ్ల చేతే ఒకసారి వేయించండి. లిఫ్ట్ కంపెనీ వాళ్ల పండగ డ్యూటీ నంబరు కూడా తీసుకోండి. తాగునీటి క్యాన్‌లు ఇంటికి రెండు ఎక్కువ వేయించండి.

6. ఆసుపత్రి

డయాలసిస్ వారానికి రెండు మూడు సార్లు తప్పనిసరి. పండగ వారం సెంటర్ వేళలు మారుతాయి. వాళ్లే చెప్తారులే అని ఉండకుండా ముందే ఫోన్ చేసి రోజు, గంట పుస్తకంలో రాయండి. తీసుకెళ్లే ఆటో ఎవరిది, తిరిగి తెచ్చేది ఎవరు, అదీ రాయండి. క్యాబ్ దొరుకుతుందిలే అనుకోవద్దు, డ్రైవర్లకీ పండగే.

పండగ రోజు బస్తీ దవాఖానాలు, ప్రభుత్వ ఆసుపత్రుల ఓపీ మూసి ఉంటాయి. అత్యవసర విభాగం మాత్రం గాంధీ, ఉస్మానియా, పిల్లలకు నిలోఫర్ వంటి పెద్దాసుపత్రుల్లో ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. మీకు దగ్గరలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో పండగ రోజు డ్యూటీ డాక్టర్ ఉంటారా అన్నది మాత్రం కనుక్కోండి.

ఒక్కొక్కరికీ ఒక సంచీ: మందుల చీటీ, పాత రిపోర్టులు, ఆధార్ జిరాక్స్, ఆరోగ్యశ్రీ కార్డో బీమా కాగితమో, కళ్లజోడు, ఒక దుప్పటి, రెండు వేల రూపాయలు. తలుపు పక్కనే కొక్కేనికి తగిలించాలి. 70 దాటిన వాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబర్ నుంచి ఉంది. తీసుకోకపోతే ఈ డిసెంబర్‌లోనే ఆధార్‌తో చేయించండి.

జత మనుషులకు ఈ నాలుగూ తప్పక చెప్పండి:

- పడిపోయిన మనిషిని వెంటనే లేపకండి. తుంటి, మెడ, నడుము నొప్పి అంటే కదపకుండా దుప్పటి కప్పి 108కి చేయండి. తాగడానికి, తినడానికి ఏమీ ఇవ్వకండి, ఆపరేషన్ అవసరం కావచ్చు.
- మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పట్టు తప్పినా "కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అనొద్దు. అది పక్షవాతం కావచ్చు, దానికి మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వగలిగే మందు ఉంది.
- షుగర్ ఉన్నవాళ్లకు చెమటలు పట్టి, వణుకు వచ్చి, మెలకువతో ఉంటే మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి.
- 108కి చేసినప్పుడు ముందు చోటు చెప్పండి, తర్వాత జబ్బు. గుడి, బడి, పెట్రోల్ బంక్, ఏదో ఒక గుర్తు చెప్పి, ఒక మనిషి రోడ్డు మీదికి వెళ్లి నిలబడాలి. గేటు తెరిచి, అడ్డంగా ఉన్న బండ్లు తీయాలి.

ఆ బండ్ల సంగతే, ఊరెళ్లేవాళ్లు కారు దారికి అడ్డంగా పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి తాళం చెవి తీసుకెళ్లిపోతే అంబులెన్స్ లోపలికి రాదు. వెళ్లే ముందురోజే చూసి తీయించండి.

7. ఫోన్ నంబర్ల కాగితం

పెద్ద అక్షరాలతో, కళ్లజోడు లేకపోయినా కనిపించేలా రాయండి. మొదట జత మనుషులిద్దరి నంబర్లు. తర్వాత:

- 108 అంబులెన్స్
- 112 పోలీసు, అగ్నిమాపకం, ఏ ఆపదకైనా
- 14567 పెద్దల హెల్ప్‌లైన్, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. ఇంట్లోవాళ్లు సరిగా చూడకపోయినా, రోడ్డు మీద దిక్కులేని పెద్దవాళ్లు కనిపించినా దీనికే చేయాలి
- 14416 టెలీ మానస్, ఇరవై నాలుగు గంటలు, తెలుగులో మాట్లాడతారు. పండగ పూట పోయినవాళ్లు గుర్తొచ్చి గుండె బరువెక్కితే, నిద్ర పట్టకపోతే
- 1930 సైబర్ మోసాలు
- 1912 కరెంటు
- 181 మహిళలకు, 1098 పిల్లలకు

గోడ మీద అతికిస్తే సరిపోదు. వాళ్ల ఫోన్‌లో జత మనిషి నంబరు 2 మీద స్పీడ్ డయల్ పెట్టి, వాళ్ల చేతే నొక్కించి, మీ ఫోన్ మోగిందాకా చూడండి.

1930 గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పాలి. ఇంట్లో అడగడానికి ఎవరూ లేని సమయంలో "ఈ రాత్రి మీ కరెంటు కట్ చేస్తాం", "మీ పేరు మీద కేసుంది, వీడియో కాల్ కట్ చేయొద్దు" అని ఫోన్లు వస్తే పెద్దవాళ్లు కంగారు పడతారు. డిజిటల్ అరెస్ట్, అంటే వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామనడం, చట్టంలోనే లేదు. "అలాంటి ఫోన్ వస్తే కట్ చేసి ముందు నాకు చేయండి, అర్ధరాత్రి అయినా సరే" అని జత మనిషి నోటితోనే చెప్పాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

8. భోజనం

పనమ్మాయి, వంటమ్మ, టిఫిన్ సెంటర్, కర్రీ పాయింట్ అన్నీ ఒకేసారి మూతపడే రోజులివి. హాస్టళ్ల మెస్‌లూ అంతే. పెద్దవాళ్ల ఇంట్లో అటుకులు, రవ్వ, పెసరపప్పు, పాలపొడి ఉన్నాయో లేదో చూడండి. మధ్యాహ్నం ఎవరింట్లో వండినది ఎవరికి వెళ్తుందో పుస్తకంలో రోజువారీగా రాసేస్తే ఒకే ఇంటికి మూడు క్యారేజీలు వెళ్లి, ఇంకో ఇల్లు ఖాళీగా ఉండటం తప్పుతుంది. అది మొదటి ఏడాది మాకు జరిగింది.

కూలీలకు, కుర్రాళ్లకు వండాలనుకుంటే పులిహోర మేలు, మధ్యాహ్నం దాకా పాడవదు. తలకు 100 గ్రాముల బియ్యం, కష్టం చేసేవాళ్లకు 150 వేసుకోండి. పెరుగన్నం వడ్డించే ముందే కలపండి. ఎప్పుడు పెడుతున్నారో ముందురోజే వాళ్లకు చెప్పాలి, లేకపోతే వాళ్లూ వండుకుంటారు, రెండూ వృథా.

వండే ఓపిక లేకపోతే, హైదరాబాద్‌లో ఐదు రూపాయల భోజనం, ఆంధ్రలో అన్న క్యాంటీన్లు, గుళ్లలో అన్నదానం, గురుద్వారాల్లో లంగర్ ఉన్నాయి. పండగ రోజున తెరుస్తారా అన్నది మాత్రం మీరే వెళ్లి అడిగి వచ్చి చెప్పండి.

షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అరిసెలు, సకినాలు డబ్బా నిండా ఇచ్చేయకండి. ఎదురుగా ఉంటే తినకుండా ఉండలేరు. అడిగి, రెండు ఇవ్వండి.

9. పండగలోకి పిలవండి

క్యారేజీ తలుపు దగ్గర ఇచ్చి వచ్చేస్తే కడుపు నిండుతుంది, పండగ రాదు. మా దగ్గర భోగి సాయంత్రం ఉండిపోయిన పిల్లలందరినీ, వాచ్‌మన్ పిల్లలతో సహా, సెల్లార్‌లో ఒక వరుసలో కూర్చోబెట్టి భోగి పళ్లు పోయిస్తాం. రేగుపళ్లు, చిల్లర, బంతిపూల రేకలు, నానబెట్టిన శనగలు. పోసేది ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లే. పేరంటాలకు పిలవరని భర్త పోయిన ఆడవాళ్లు తలుపు వేసుకుని కూర్చుంటారు. వాళ్లను ముందు పిలవండి, చేయి పట్టుకుని తీసుకురండి. మొదటిసారి పిన్నిగారు "నేనెందుకమ్మా" అన్నారు. ఇప్పుడు వారం ముందే రేగుపళ్ల గురించి అడుగుతారు.

భోగి మంట దగ్గరికి ఉబ్బసం ఉన్నవాళ్లను తేవద్దు. టైర్లు, ప్లాస్టిక్ వేయనివ్వకండి. డాబా మీద గాలిపటాలు ఎగరేసే పిల్లల దగ్గర పెద్దవాళ్లు ఒకరుండాలి. నైలాన్ మాంజా నిషేధం, కనిపిస్తే తీసేయండి. తీగలకు చిక్కిన గాలిపటాన్ని కర్రతో లాగనివ్వకండి.

తరచూ జరిగే పొరపాట్లు

"302లో పెద్దావిడ ఒక్కరే ఉంటారు, చూసుకోండి" అని గ్రూప్‌లో పెట్టడం. ఆ మెసేజ్ ఎక్కడెక్కడికి వెళ్తుందో మీ చేతుల్లో ఉండదు. పుస్తకం ఒకరి దగ్గరే ఉండాలి, జత మనుషులకు వాళ్ల వాళ్ల పేర్లే తెలియాలి.

తాళం వేసిన ఇళ్ల సంగతి పోలీస్ స్టేషన్‌లో చెప్పకపోవడం. ఊరెళ్లే ముందు ప్రతి ఇల్లూ స్టేషన్‌లో సమాచారం ఇవ్వాలి. ఆంధ్రలో తాళం వేసిన ఇంటికి కెమెరా పెట్టి చూసే ఎల్‌హెచ్‌ఎంఎస్ ఏర్పాటు మీ స్టేషన్ పరిధిలో ఉందేమో అడగండి. దొంగ వచ్చే ఇంటి పక్కనే ఒంటరి మనిషి ఉండొచ్చు కదా.

సాయం చేస్తూ ఫోటోలు తీయడం. చేయకండి. అన్నం తీసుకునే మనిషికి ముఖం ఉంటుంది, దాన్ని గ్రూపుల్లో తిప్పే హక్కు మనకు లేదు.

ఏర్పాటు పనిచేస్తుందా? ఇలా చూసుకోండి

భోగికి ముందు ఆదివారం ఒక గంట కేటాయించండి. ఒంటరిగా ఉండే ప్రతి ఒక్కరినీ, ముందుగా చెప్పి, జత మనిషికి ఫోన్ చేయమనండి. ఫోన్ మోగినప్పటి నుంచి ఆ మనిషి తలుపు తెరిచి లోపల నిలబడేదాకా గడియారం చూడండి. పది నిమిషాలు దాటితే జత మార్చాలి. మా దగ్గర మొదటిసారి చూసినప్పుడు రెండు తాళం చెవులు అసలు పట్టలేదు, పాత లాక్‌వి ఇచ్చారు. ఒకరి నంబరు మారిపోయింది. చూసుకోకపోయి ఉంటే అవి కనుమ రోజు బయటపడేవి.

మోటార్ వేసి ట్యాంక్ నిండిందో చూడండి. సంచీల్లో మందుల చీటీ తాజాదేనా అని చూడండి. గేటు పూర్తిగా తెరిచి, పెద్ద వ్యాన్ ఒకటి లోపలికి రాగలదో చూడండి.

పండగ అయ్యాక ముక్కనుమ మర్నాడు కవర్లు వెనక్కి ఇచ్చేయండి, సంతకం చెరగలేదని వాళ్లకే చూపించండి. ఆ వెళ్లినప్పుడే ఈసారి ఏం ఇబ్బందైందో అడిగి రాసుకోండి. పుస్తకంలో ఫోన్ నంబర్లున్న పేజీలు చించేసి, ఖాళీ పేజీ మీద వచ్చే డిసెంబర్ తేదీ వేసి పెట్టండి.